వందకు ఇరవై అయిదు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు సోఫా మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఒళ్ళో ట్యాబ్ పెట్టుకుని కెమిస్ట్రీ లెక్కలు చేస్తోంది. చేస్తోంది అనడం కన్నా నొక్కుతోంది అనడం న్యాయం. తెర మీద ఒక ప్రశ్న వస్తుంది, దాని కింద నాలుగు జవాబులు ఉంటాయి, ఈ పిల్ల ఒకదాన్ని వేలితో తాకుతుంది, పచ్చరంగు వస్తే సరే, ఎర్రరంగు వస్తే ఇంకొకటి తాకుతుంది. ఉద్యోగమంతా బడిపిల్లలకు ఈ లెక్కలే చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి, పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఓరకంట అటే చూస్తున్నాను. ఎనభై గ్రాముల నీటిలో ఇరవై గ్రాముల ఉప్పు కరిగిస్తే ద్రావణం భారశాతం ఎంత అని ఒక ప్రశ్న వచ్చింది. మా పిల్ల ఇరవై అయిదు తాకింది, ఎర్రబడింది. వెంటనే ఇరవై తాకింది, పచ్చబడింది, తరువాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ ఇరవై అయిదు దగ్గరే ఆగిపోయాను, ఎందుకంటే ఆ అంకె ఒకప్పుడు ఒక ఆడపిల్ల చదువును ఆపేయబోయింది.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పదో తరగతిలో వాయు నియమాలు, ఆ వెంటనే ద్రావణాలు అంటే పిల్లలు ఎంత బెదిరిపోయేవాళ్ళో. సెంటీగ్రేడుకు రెండువందల డెబ్బై మూడు కలపడం మర్చిపోతే లెక్క మొత్తం పోతుందని చెప్పీ చెప్పీ మా గొంతులు ఎండిపోయేవి. నేను మొదట ఉద్యోగంలో చేరిన బడిలో ప్రయోగశాల అంటే ఒక చెక్క బీరువా, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు, అందుకని నేను బాయిల్ నియమానికి అటెండరు గారి సైకిలు పంపు తెప్పించి, దాని మూతిని వేలితో గట్టిగా మూసి పిడి నొక్కమనేదాన్ని. లోపలి గాలి ఎంత కుంచించుకుపోతే అంతగా ఎదురుతిరుగుతుందని పిల్లలకు చేతికే తెలిసేది. చార్లెస్ నియమానికైతే మా నెల్లూరు ఎండ ఉండనే ఉంది, ఖాళీ సీసా మూతికి బుడగ తొడిగి కిటికీలో పెడితే గంట కొట్టేలోపల అది లేచి నిలబడేది. అట్లా వాయువుల పని గడిచిపోయింది గానీ, ఎంతో తేలిక అనుకున్న ద్రావణాలే నన్ను తిప్పలు పెట్టాయి.

మాది బుచ్చిరెడ్డిపాలెం వైపు, వరి పండించే ఇల్లు. సముద్రమంటే ఏడాదికొకసారి బండి కట్టుకుని వెళ్ళి మునిగి రావడమే తప్ప, దాని పక్కన బతికే మనుషులు ఏం తింటారో, ఏం మాట్లాడుకుంటారో నాకు బొత్తిగా తెలియదు. అట్లాంటి నన్ను మొదటి ఉద్యోగానికే తీసుకువెళ్ళి ముత్తుకూరు దాటాక సముద్రం వైపు ఉన్న హైస్కూల్లో వేశారు. మా పెద్దన్న వచ్చి బడి పక్కనే ఒక గది మాట్లాడి, బియ్యం మూట దింపి, చేపల వాసన అలవాటయ్యేదాకా అన్నంలోకి పచ్చడి వేసుకోమని సలహా ఇచ్చి పోయాడు. ఆ వాసన నాకు వారంలోనే అలవాటైపోయింది, నెల తిరిగేసరికి అది లేకపోతే ఏదో వెలితిగా ఉండేది.

తరగతిలో సగం మంది రైతుల పిల్లలు, సగం మంది సముద్రపు ఒడ్డున పాళెం అనే జాలర్ల పల్లె పిల్లలు. పాళెం పిల్లలు పొద్దున్నే గుంపుగా నడిచి వచ్చి, గుంపుగానే కిటికీల పక్క వరుసలో కూర్చునేవాళ్ళు. వాళ్ళలో ఒక అమ్మాయి ఉండేది, పొడుగ్గా, బిగించి అల్లిన జడతో, అడిగితే తప్ప నోరు విప్పేది కాదు, విప్పితే సరైన జవాబే చెప్పేది. తల్లి లేదు, తండ్రి పడవ మీద పోతాడు, పెంచిందంతా వాళ్ళ అవ్వ. ఆ అవ్వ ఒడ్డుకు వచ్చిన చేపలు కొని, ఉప్పు పట్టించి, ఎండబెట్టి అమ్మేది. పదో తరగతి పాసైతే నెల్లూరు పోయి ఇంటర్ చదవాలని, తరువాత నర్సు కావాలని ఆ పిల్ల కోరిక. అది నాతో ఒక్కసారే చెప్పింది, అదీ నేల చూస్తూ చెప్పింది.

ఆ ఏడాది హాఫియర్లీ పరీక్షలో నేను ఇచ్చిన లెక్క కూడా ఇదే, ఎనభై గ్రాముల నీళ్ళు, ఇరవై గ్రాముల ఉప్పు. పేపర్లు దిద్దుతూ ఉంటే రైతుల పిల్లల్లో కొందరు సరిగ్గా చేశారు, కొందరు నానా రకాల తప్పులు చేశారు, పాళెం పిల్లలు మాత్రం ఒక్కరు కూడా మిగలకుండా ఇరవై అయిదు అని రాశారు. మెట్లు లేవు, సూత్రం లేదు, ప్రశ్న నంబరు వేసి పక్కన ఇరవై అయిదు శాతం అని రాసి కింద గీత కొట్టేశారు. ఆ పొడుగు అమ్మాయి పేపరు కూడా అంతే. నాకు ఏమీ పాలుపోక ఆ పేపర్లు స్టాఫ్‌రూమ్‌లో బల్ల మీద పరుచుకుని కూర్చున్నప్పుడు హెడ్మాస్టరు గారు అటుగా వచ్చి చూశారు.

ఆయన చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. పేద పిల్లలకు తన చొక్కాలు కోయించి కుట్టించిన మనిషి. అంతకుముందు పనిచేసిన ఊళ్ళో పిల్లలు చూసిరాత రాసి పట్టుబడి, వాళ్ళ చదువులు పోయి, ఆయనకూ మాట వచ్చి, అప్పటినుంచి కాపీ అనే మాట చెవిన పడితే ఆయనకు ఒళ్ళు తెలిసేది కాదు. ఒకే వరుస, ఒకే తప్పు, మెట్లు లేకుండా ఉత్త జవాబు. ఎవరు చూసినా అనుకునేది అదే, మధ్యలో కూర్చున్న తెలివైన పిల్ల చూపించింది, మిగతావాళ్ళు చూసి రాశారు అని. నేను కాస్త ఆగండి సార్ అనేలోపలే మరునాడు ప్రేయర్లో బడంతా నిలబడి ఉండగా ఆయన ఆ పిల్లను ముందుకు పిలిచి, దొంగతనంగా చదివే చదువు తన బడిలో సాగదని, ఇంట్లో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వస్తేనే లోపలికి రమ్మని అనేశారు. ఆ పిల్ల ఏడవలేదు. సంచీ భుజాన వేసుకుని గేటు దాటి ఇసుకదారిన నడిచి వెళ్ళిపోవడం నేను వరండాలో నిలబడి చూశాను, ఈరోజుకీ ఆ నడక నాకు కళ్ళకు కడుతుంది.

ఆ తరువాత ఆ పిల్ల బడికి రాలేదు, వాళ్ళ అవ్వా రాలేదు. పబ్లిక్ పరీక్షకు పేర్లు పంపే గడువు దగ్గర పడుతోంది. పేరు పోకపోతే ఆ ఏడు పోయినట్టే, ఆ ఏడు పోతే ఆ ఇంట్లో ఇంకో ఏడు బడికి పంపేవాళ్ళెవరూ లేరు. మళ్ళీ ఆ పేపర్లన్నీ ముందేసుకుని మొదటినుంచి చదివితే అప్పుడు ఒక సంగతి కనబడింది. వాయు నియమాల లెక్క ఒకటి ఇచ్చాను, ఇరవై ఏడు డిగ్రీల దగ్గర ఆరువందల ఘనపరిమాణం ఉన్న వాయువు ఎన్ని డిగ్రీల దగ్గర తొమ్మిదివందలు అవుతుందని. అందులో పాళెం పిల్లలు ఎవరి తప్పు వాళ్ళు చేశారు. ఒకడు రెండువందల డెబ్బై మూడు కలపడం మర్చిపోయి నలభైన్నర అన్నాడు, ఇంకొకతె కలిపి నాలుగువందల యాభై దాకా వచ్చి తీసేయడం మర్చిపోయింది, మరొకడు పైది కిందికీ కిందది పైకీ వేసుకున్నాడు, ఆ అమ్మాయి ఒక్కతే నూట డెబ్బై ఏడు అని సరిగ్గా తేల్చింది. చూసి రాసేవాళ్ళయితే కష్టమైన లెక్కను వదిలిపెట్టి తేలికైన ఉప్పు లెక్కను, అందులోనూ తప్పును, ఎందుకు చూసి రాస్తారు? ఈ మాట హెడ్మాస్టరు గారితో అంటే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మరి ఆ ఇరవై అయిదు అందరికీ ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా అని అడిగారు.

జవాబు దొరుకుతుందని కాదు గానీ, ఆ పిల్లను ఎట్లాగైనా బతిమాలి తీసుకురావాలని ఆ శనివారం మధ్యాహ్నం బడి వదలగానే పాళేనికి నడిచి వెళ్ళాను. ఇళ్ళ వెనక దిబ్బ మీద తాటాకుల పందిరి, దాని కింద సిమెంటు తొట్లు, పక్కనే కోసి కడిగిన చేపల కుప్ప. అవ్వ తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని చేపల మీద గుప్పెట్లతో ఉప్పు దట్టిస్తోంది, మనవరాలు గంపలు అందిస్తోంది. నన్ను చూసి ఆ పిల్ల లేచి నిలబడింది, అవ్వ మాత్రం చెయ్యి ఆపలేదు.

“నా మనవరాలు దొంగైతే పెంచిన నేనూ దొంగనే గదా టీచరమ్మా. దొంగలిద్దరం ఈడనే ఉప్పు కొట్టుకుంటా ఉంటాం, మీ బడి మీకు సల్లంగా ఉండనీ.”

ఊరికే నిలబడలేక, పనిలో చెయ్యి వేయడం చేతగాక, అక్కడున్న ఉప్పు గంపను చూపించి ఎంత ఉప్పు వేస్తారని అడిగాను, మాట కలపడానికే అడిగాను. అవ్వకు బదులు పిల్లే చెప్పింది.

“నాలుగు గంపల చేపకి ఒక గంప ఉప్పు టీచర్. వందకి ఇరవై అయిదు.”

వందకు ఇరవై అయిదు ఏంటమ్మా, నువ్వు పరీక్షలో రాసింది ఇదేనా అని అడిగితే, ఆ పిల్ల నా అజ్ఞానానికి జాలిపడ్డట్టు చూసింది. నాలుగుకు ఒకటంటే అంతే గదా, పాళెంలో నడిచే పిల్లను అడిగినా చెబుతుంది, దానికి మెట్లేసి చూపించేదేముంది అని దాని భావం. ఉప్పుచేప కొనడానికి వచ్చే వ్యాపారి తొట్టి పక్కన నిలబడి మొదట అడిగేది ఉప్పెంత అని, వీళ్ళు చెప్పేది వందకు ఇరవై అయిదు అని. ఆ పిల్లలు మాటలు నేర్చింది ఆ బేరాల మధ్యనే. వాళ్ళ ఇళ్ళల్లో ఉప్పును చేప మీద లెక్క కడతారు, చేపనూ ఉప్పునూ కలిపి కట్టరు. నా ప్రశ్నలో నాలుగు వంతుల నీళ్ళు, ఒక వంతు ఉప్పు కనబడగానే ఆ వరుస మొత్తానికి లెక్క చేయాల్సిన అవసరమే కనబడలేదు, తెలిసిన జవాబు రాసి ముందుకు పోయారు.

మరి ఉప్పు వేశాక మొత్తం బరువు చూసుకోరా, దాన్లో ఉప్పు ఎంతో చూడాలి కదా అన్నాను, నాలోని టీచరు ఊరుకోక.

“మొత్తం ఎవురు తూస్తారు టీచర్? ఉప్పు పడినాక చేప నీళ్ళు వదిలేస్తాది, ఉప్పు సగం ఆ నీళ్ళల్లోనే పోతాది. ఇంక ఏందని తూస్తాం?”

ఆ తొట్టి గట్టు మీదే కూర్చుని, బడిలో అయితే ఉప్పు ఎక్కడికీ పోదని, నీళ్ళతో కలిసే ఉంటుందని, అందుకే రెంటినీ కలిపి వందగా చూడాలని, అప్పుడు ఇరవయ్యే అవుతుందని చెప్పాను. అప్పటిదాకా తన జవాబు తప్పని కూడా ఆ పిల్లకు తెలియదు, సరైన జవాబు రాసినందుకు దొంగ అన్నారని బాధపడుతోంది. ఇసుకలో వేలితో రాసుకుని, కలిపి చూసుకుని, అట్నా అని తల ఊపింది.

నేను నడిచానో పరుగెత్తానో గానీ హెడ్మాస్టరు గారి ఇంటికి వెళ్ళి ఇదంతా చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు, అట్లాగని కొట్టిపారేయనూ లేదు. సోమవారం పాళెం పిల్లలను ఒకరికొకరు కనబడకుండా ఒకణ్ణి స్టాఫ్‌రూములో, ఇంకొకర్ని వరండా చివర, మరొకర్ని బీరువా వెనక కూర్చోబెట్టి, నేను చెప్పిన రెండు లెక్కలు ఆయనే తన చేత్తో రాసి ఇచ్చారు. మొదటిది నలభై గ్రాముల నీళ్ళలో పది గ్రాముల చక్కెర, రెండోది అరవై గ్రాముల నీళ్ళలో పదిహేను గ్రాముల ఉప్పు. చక్కెర లెక్కను పిల్లలు బుద్ధిగా సూత్రం రాసి, మెట్లేసి, నీళ్ళూ చక్కెరా కలిపి ఇరవై శాతం అని తేల్చారు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ మెట్లు లేవు, ఉత్త ఇరవై అయిదు. ఒకేలా చేయాల్సిన రెండు లెక్కలు అవి. హెడ్మాస్టరు గారు ఆ కాగితాలు ఒక్కొక్కటే చూసి బల్ల మీద పెట్టి, ఆ అమ్మాయి ఇల్లు ఎటమ్మా అని అడిగారు.

ఇద్దరం కలిసి వెళ్ళాం. చెప్పులు పందిరి బయటే విడిచి ఆయన అవ్వ ముందు నిలబడి, పొరపాటయిందమ్మా, పిల్లను పంపించు అన్నారు. అవ్వ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఆయన వైపు తేరిపార చూసి చెప్పిన మాట నాకు అక్షరం పొల్లు పోకుండా జ్ఞాపకం.

“దొంగన్న మాట బడంతా ఇన్నారు గదా అయివోరా. కాదన్న మాట ఈడికొచ్చి నా చెవిలో చెప్పి పోతే ఎట్ట? అది గూడా బడంతా ఇనాల.”

ఆ రోజుల్లో హెడ్మాస్టరు అంటే కలెక్టరు కన్నా ఎక్కువ, పిల్లల ముందు తగ్గి మాట్లాడటం అనేది ఎవరూ కనీవినీ ఎరగరు. ఆయన ఏమీ అనకుండా చెప్పులు వేసుకుని తిరుగుదారి పట్టారు, ఇంక ఆ పిల్ల చదువు అయిపోయినట్టేనని నేను మనసులో తీర్మానించుకున్నాను.

మరునాడు ప్రేయర్లో ప్రతిజ్ఞ అయ్యాక పిల్లలు కదలబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపారు. పాళెం పిల్లలెవరూ చూసి రాయలేదని, ఆ అమ్మాయి ఎవరికీ చూపించలేదని, తాను తొందరపడి అందరి ముందూ అనరాని మాట అన్నానని, అది తన పొరపాటని పెద్ద గొంతుతోనే చెప్పారు. గేటు అవతల అవ్వ నెత్తిన గంపతో నిలబడి ఉంది, ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు, పక్కన ఆ పిల్ల సంచీతో ఉంది. మాట పూర్తిగా విని, మనవరాలి వీపు మీద చెయ్యి వేసి లోపలికి నెట్టి, అవ్వ ఎవరి వైపూ చూడకుండా ముత్తుకూరు సంతకు వెళ్ళిపోయింది. ఆ వారమే పరీక్షకు పేర్లు వెళ్ళాయి, అందులో ఆ పిల్ల పేరు కూడా వెళ్ళింది.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఏ పిల్ల తప్పు రాసినా, కొట్టేసే ముందు ఇది నీకెందుకు తోచిందని అడగడం నాకు అలవాటయింది. అన్నట్టు ఆ ఏడు పబ్లిక్ పరీక్షలో కూడా ఉప్పు లెక్కే వచ్చింది. ఆ పిల్ల బయటికి వచ్చి తొణక్కుండా చెప్పింది, ప్రశ్నలో ఉప్పు అని ఉన్నచోటల్లా చక్కెర అనుకుని చేశానని. ఇంటర్ చదివింది, నర్సు అయింది, ఆస్పత్రుల్లో ఎందరికో సెలైన్లు ఎక్కించి ఇప్పుడు నెల్లూరులోనే మనవళ్ళతో ఉంది. పండక్కో పబ్బానికో ఫోను చేస్తుంది, ఇప్పటికీ టీచర్ అనే పిలుస్తుంది.

ఇదంతా తలచుకుని మొన్న మా మనవరాలిని అడిగాను, ఇరవై అయిదు అని ఎందుకు తాకావే అని. ఊరికే తాకాను అవ్వా, గెస్ చేశాను అంది. నేను ఊరుకోలేక ఈ కథంతా చెబితే, చివరికి వచ్చేసరికి ట్యాబ్ పక్కన పెట్టేసి, ఆ తొట్లు చూపిస్తావా, వచ్చే ఆదివారం వెళ్దామా అంది. ఎక్కడికని తీసుకువెళ్ళను? ఆ దిబ్బ ఉన్నచోట ఇప్పుడు రేవుకు వెళ్ళే పెద్ద రోడ్డు, పగలూ రాత్రీ లారీలు. పాళెం వాళ్ళకు దూరంగా కాలనీ ఇళ్ళు వచ్చాయి, పడవలు ఒడ్డు చేరకముందే ఐసు పెట్టెలు వచ్చి నిలబడుతున్నాయి. చూపించలేక ఆ పిల్లకే, అంటే ఒకప్పటి ఆ పిల్లకే, ఫోను చేసి స్పీకరు పెట్టాను. ఉప్పు లెక్క గుర్తుందా అని అడిగితే అవతల ఒక్క క్షణం కూడా ఆలస్యం కాలేదు.

“వందకి ఇరవై అయిదు టీచర్. బడిలో అయితే ఇరవై.”

మా మనవరాలు పడీపడీ నవ్వింది. ఫోనులో ఆమె కూడా నవ్వుతూనే, ఇప్పుడు ఉప్పు పట్టేది ఎవురు టీచర్, మా ఇంట్లో పిల్లలకి ఆ తొట్టి ఎట్టుంటాదో గూడా తెలవదు అంది. నేను నవ్వలేకపోయాను. ఇప్పుడు ఏ పిల్లను ఎక్కడ అడిగినా ఇరవై అనే చెబుతారు, అది సరైన జవాబే, పచ్చరంగు కూడా వస్తుంది. ఇరవై అయిదు సరైన జవాబుగా ఉండిన చోటు మాత్రం నాకు తెలిసి ఆ దిబ్బ ఒక్కటే.